పాటను మార్చువాని బాధ్యత

గడచిన బతుకమ్మ పండుగకు నేను బాల్కొండలో మా చిన్నమ్మ యింట నుంటిని. సద్దుల బతుకమ్మనాటి సాయంకాలము ఆడువారు బతుకమ్మలను నడుమ నుంచి చప్పట్లు చఱచుచు తిరుగుటకు గుమిగూడుచుండగా, వీథి మొదట నిలిపిన పెద్ద పెట్టెలలోనుండి ఒక పాట మ్రోగనారంభించెను. ఇనుప పీపాలో రాళ్లు దొర్లినట్టి తాళము. దాని క్రింద గుండె నదరించు మంద్రధ్వని. ఆ రెంటి నడుమ తెగి తెగి వినబడు ఒక ముదుసలి కంఠము. ఆ కంఠము మా చిన్నమ్మది. ఆమె నా ప్రక్కనే నిలిచియుండెను. హైదరాబాదున ఇంజనీరింగు చదువుచున్న ఆమె మనుమడు, రెండు నెలల క్రిందట ఆమె వంటయింట పాడుకొనుచుండగా చేతిఫోనులో పట్టి, ఆ పాటను ముక్కలు చేసి, యంత్రధ్వనులతో మఱల కూర్చినాడట. దీనినే నేటివారు రీమిక్సు అందురు. పిల్లలు గంతులు వేసిరి. పడుచులు నవ్వుచు తాళమునకు అడుగులు కలిపిరి.

పాట ముగిసిన పిమ్మట, "చిన్నమ్మా, నీ పాట ఊరంతయు వినెను గదా, సంతోషమేనా?" అని యడిగితిని. ఆమె కొంత తడవు ఊరకుండి, "గొంతు నాదే బిడ్డా. పాట నాది గాదు. దాంట్ల దుక్కమేది?" అనెను.

ఈ మాట విన్నది మొదలు నా మనస్సు దానిచుట్టునే తిరుగుచున్నది. ఒకరు కట్టిన పాటను మఱొకరు విప్పి తమకు తోచినట్లు కూర్చుట తగునా? తగునేని ఎంతవఱకు తగును? కళ యందఱిదియని చెప్పి ఈ ప్రశ్నను దాటవేయువారును, పూర్వులది ముట్టరాదని చెప్పి తలుపు మూయువారును మనలో చాలమంది కలరు. ఈ యిరుతెగలవారును మా చిన్నమ్మ యడిగినదానికి సమాధానము చెప్పలేదని నాకు తోచుచున్నది.

ఆ పాట యెట్టిదో ముందు చెప్పవలెను. క్రొత్తగా అత్తవారింటికి వచ్చిన పిల్ల పండుగకు పుట్టినింటికి పోగోరును. మామ నడిగిన అత్త నడుగుమనును. అత్త నడిగిన బావ నడుగుమనును. బావ తోడికోడలి మీదికి త్రోయును. ఇట్లు ఇల్లంతయు తిరిగి సెలవు సంపాదించునప్పటికి, తీసికొనిపోవలసిన అన్న గోదావరికి ఆవలి యొడ్డున వరదలో చిక్కుకొనును. వరద తీయునప్పటికి పండుగ గడచిపోవును. పోచంపాడు వద్ద 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము ఆ యేటిని పట్టి నిలుపుటకు పూర్వపు పాట యిది. అత్తమామల సెలవు నడుగు వరుసలు గల పాటలు తెలంగాణమున పెక్కు గలవు. వానిని వట్టి వేడుకపాటలని తలచుట పొరపాటు. ఆడుదానికి తన కాలిమీద తనకు అధికారము లేకపోవుటను గూర్చి సంస్కర్తలు సభలలో ఉపన్యసింపక పూర్వమే, ఈ స్త్రీలు నలుగురి యెదుట, ఆ అత్తగారు వినుచుండగనే, ఆ సంగతి పాడి చెప్పుచుండిరి. విడిగా నోరు విప్పి యన్నచో దండన కలుగు మాట, పండుగనాడు పాటలో నన్నచో చెల్లుచుండెను. ఆ పాటయే వారి యర్జీ.

మనుమడు అన్నను పిలుచు పాదమును పల్లవిని మాత్రము నిలిపి తక్కినదంతయు కత్తిరించెను. వినువారికి ఆ పిల్ల అన్నను ఆటకు పిలుచుచున్నట్లుండెను.

మఱునాడు నేను వానిని మందలింపబోతిని. వాడు చెప్పిన సమాధానము తేలికగా త్రోసివేయదగినది కాదు. "పెద్దబాపూ, నేను జెయ్యకపోతే గా పాట ఎవలు ఇంటుండె? మా ఈడు పోరగాండ్లు అవ్వ పక్కన గూసొని ఇంటరా?" అని వాడు నన్నే యడిగెను. తరువాత తనకు ఆదర్శమైన సంగీతమును వినుమని నా చెవులకు తగిలించెను. అది అమెరికాలోని నైన్ ఇంచ్ నెయిల్స్ అను బృందము 1994లో వెలువరించిన ‘ది డౌన్‌వర్డ్ స్పైరల్’ అను సంపుటము. ఆ బృందమునకు ప్రాణము ట్రెంట్ రెజ్నర్ అను నతడు. ఒక మనిషి తన్ను తాను క్రమముగా నాశనము చేసికొనుటను ఆ సంపుటము పాట వెంట పాటగా చెప్పును. దీనికి ఇండస్ట్రియల్ సంగీతమని పేరు, అనగా కార్ఖానాల సంగీతము.

ఈ పేరు విని నవ్వువారు కొంచెము తాళవలెను. యంత్రయుగపు చెవికి యంత్రధ్వనియే రాగమగునని ఇటలీలో లుయీజీ రుస్సోలో 1913లోనే ఒక ప్రకటన వ్రాసెను. లండనులో థ్రాబింగ్ గ్రిసిల్ అను బృందమువారు 1976లో స్థాపించిన ఇండస్ట్రియల్ రికార్డ్స్ అను రికార్డుల సంస్థ వలన ఆ పేరు స్థిరపడెను. ఉక్కు కార్ఖానాల ఊరైన షెఫీల్డులో ఒక బృందమును, బెర్లినులో ఇనుపరేకులను బెజ్జములు వేయు యంత్రములను వాద్యములుగా చేసికొన్న మఱొక బృందమును బయలుదేరెను. మాకిది అంత వింత కాదు. బాల్కొండ, ఆర్మూరు ప్రాంతమున పసుపును త్రవ్వి, ఉడికించి, పది పదునైదు దినములు ఎండబెట్టి, ఇనుప పీపాలో వేసి త్రిప్పుదురు. కొమ్ములు ఒండొంటితో రాసికొని పైతోలు రాలి లోని రంగు బయటపడును. మాఘ ఫాల్గుణములలో ఆ పీపాల చప్పుడు వినుచు పెరిగినవాడు రుస్సోలో ప్రకటన చదువనక్కఱలేదు. మనుమడు పాటకు వేసిన తాళమును ఆ పీపాదే. వాడు తన ఫోనుతో కళ్లమునకు పోయి ఆ చప్పుడు పట్టితెచ్చెనట. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కోపము సగము చల్లారెనని ఒప్పుకొనవలెను.

కాని వాడు నాకు వినిపింపగోరినది మూలసంపుటము కాదు; దానిని విప్పి కూర్చిన రెండవది. 1995లో ‘ఫర్దర్ డౌన్ ది స్పైరల్’ అను పేర రెజ్నరే తన పాటలను ఇతరుల చేతికిచ్చి, మీకు తోచినట్లు మార్చుడని వేడి, ఆ మార్పులను తన పేరనే ప్రకటించెను. మార్చినవారిలో కాయిల్ అను బృందము గలదు. అందలి పీటర్ క్రిస్టఫర్‌సన్ పైని చెప్పిన థ్రాబింగ్ గ్రిసిల్ స్థాపకులలో నొకడు. అనగా శిష్యుడు తన పాటను గురువు చేతికే దిద్దుటకిచ్చెనన్నమాట. రిక్ రూబిన్ ఒక పాటను దిద్దెను. ఆఫెక్స్ ట్విన్ అను పేర ప్రసిద్ధుడైన రిచర్డ్ జేమ్స్ చేసిన పని అన్నింటికంటె విచిత్రము. తాను మూలమును విననేలేదని అతడే తరువాత చెప్పుకొనెను. అతడు పంపినవి తన సొంత రచనలే; అయినను అవి ఆ సంపుటములో చేరెను. అటుపిమ్మట ఇట్టి పనుల నన్నింటిని గ్రుచ్చి 2003లో వెలువరించిన సంపుటమునకు, డబ్బుకై చేసినవని అర్థమిచ్చు పేరే పెట్టెను. ఈ నిష్కాపట్యమును మెచ్చుకొనవలసినదో, దీనిని చూచి సిగ్గుపడవలసినదో నేటికిని నేను నిశ్చయింపలేకున్నాను.

రెజ్నర్ అంతటితో నిలువలేదు. 2005లో ఒక పాటను, 2007లో ‘ఇయర్ జీరో’ అను సంపుటమును, గొంతు వేఱుగా తాళము వేఱుగా విడదీసి, ముక్కలుగా వినువారికే ఇచ్చి మీరే కూర్చుకొనుడనెను. 2002లో జానీ క్యాష్ అను వృద్ధగాయకుడు, రూబిన్ పర్యవేక్షణమున, 1994 సంపుటములోని కడపటి పాటను గిటారుతోను పియానోతోను పాడెను. యంత్రముల రొద పోయి ఆ పాట మరణశయ్యపై నున్నవాని పశ్చాత్తాపమయ్యెను. అది విని, ఆ పాట ఇక తనది కాదని కర్తయే యనెను. ఇంతటి విడుపు సామాన్యము కాదు. మన దేశమున ఇళయరాజా తన పాటలను తన యనుమతి లేక వేదికలపై పాడరాదని 2017లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యమునకు న్యాయవాది చేత నోటీసు పంపినప్పుడు తెలుగిండ్లలో ఎంత వాదము జరిగెనో చదువరు లెఱుగుదురు. ఆ నోటీసును తప్పుపట్టినవారే, మన సినిమాలలో పాతపాటలను క్రొత్త తాళములతో మార్చినప్పుడు మొగము చిట్లించిరి. 1977 నాటి ‘యమగోల’ పాట 2007లో ‘యమదొంగ’లో, 1991 నాటి ‘గ్యాంగ్ లీడర్’ పాట 2012లో ‘రచ్చ’లో మాఱివచ్చినప్పుడు, పాతదే మేలని పెద్దలును, క్రొత్తదే మేలని పిల్లలును ఇంట కలహించిరి.

ఈ కలహమున నష్టపడినవారెవరు? ఎవరును లేరు. ఏలయనిన క్రొత్తది నచ్చనివాడు ఆ క్షణముననే పాతది వినగలడు. రెజ్నర్ తన పాటలను ఎందఱికిచ్చి ఎన్ని విధముల విఱిచినను 1994 నాటి సంపుటము అంగడిలో చెక్కు చెదరక నున్నది. తిక్కన సోమయాజి భగవద్గీత ఏడువందల శ్లోకములను కొలది పద్యములలో ముగించెను. వ్యాసుని అనుమతి యెవరును అడుగలేదు. అయినను తిక్కన గీతను చంపెనని ఎవరందురు? సంస్కృతమున గీత నిలిచియున్నది; తెలుగు చదివినవాడు తృప్తి లేకున్న అక్కడికి పోవచ్చును. మూలము ప్రక్కన నిలిచియున్నంతకాలము మార్పు ఒక వ్యాఖ్య వంటిది. వ్యాఖ్య చెడ్డదైనచో మూలము దానిని ఖండించును. జేమ్స్ మూలమును వినకుండుటయు అందుచేతనే ఎవరికిని హాని చేయలేదు. అతడు విననిదానిని లక్షలమంది వినియుండిరి.

మా చిన్నమ్మ పాటకు అట్టి దిక్కేది? అది ఏ రికార్డులోను లేదు, ఏ పుస్తకములోను ఎక్కలేదు. పండుగనాడు పెట్టెలలో మ్రోగినదియే ఇక ఊరికి తెలిసిన పాట. పదేండ్ల పిల్ల దానిని నేర్చును. ఇరువదియేండ్ల తరువాత తన బిడ్డకు అదియే నేర్పును. ఆ పిల్లకు అత్త నడుగు వరుస గాని, వరద గాని, గడచిపోయిన పండుగ గాని తెలియవు, తెలియలేదనియు తెలియదు. ఇక్కడ మార్పు వ్యాఖ్య కాదు. వ్యాఖ్య వ్రాసి మూలమును కాల్చివేసినట్లగుచున్నది. ఇది ద్వేషముతో చేసినదా? కాదు, ముద్దుతో చేసినదే. అయినను ఫలము వేఱు కాదు.

కావున అడుగవలసిన ప్రశ్న, మార్పవచ్చునా మార్పరాదా యనునది కాదు. మార్చిన పిమ్మట మూలము ఎక్కడ నుండును? దానిని వినగోరినవాడు ఎవరి గడపకు పోవలెను? అచ్చుపడిన కావ్యమును, రికార్డయిన పాటను మార్చువాడు తన నేర్పునకు మాత్రమే పూచీ. అచ్చుపడని పాటను మార్చువాడు, తనకు తెలిసినను తెలియకున్నను, దానికి కడపటి కాపరియు నగుచున్నాడు. ఆ రెండవ యుద్యోగమును వానికి ఎవరును చెప్పలేదు, జీతమును లేదు. అయినను ఆ యుద్యోగము వాని మెడకు పడినది.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. అది బలమైనదే. జానపదుల పాటకు మూలమెక్కడిది? ప్రతి నోటను అది మాఱుచునే వచ్చినది గదా? నేను ఈ మాటను చిన్నమ్మ యెదుట పెట్టితిని. ఆమె జంకలేదు. తాను అత్తగారి వద్ద నేర్చిన పాటలో ఒక చరణమును తానే కలిపితినని చెప్పి, "మా అన్న రాని యేడు కలిపిన" అనెను. ఏ యేడో, అన్న యెందుకు రాలేదో నేను అడుగలేదు. అయితే ఆమె చేసిన మార్పు ఎట్లు జరిగినది? ఆమె క్రొత్త చరణమెత్తినప్పుడు చుట్టును ఇరువదిమంది పాత పాట నెఱిగినవారు తిరుగుచుండిరి. వారికి నచ్చినచో అందుకొందురు. నచ్చకున్న ఆ చరణము అక్కడనే పడిపోవును. మార్చినవారు విన్నవారికి ముఖాముఖిగా జవాబుదారులు. పెట్టెలోని పాటకు ఎదురు పాడుట సాధ్యమా? ఆ సాయంకాలము ఒక ముసలియామె నిజముగనే పాత వరుస నెత్తుకొనుట నేను చూచితిని. ఆమె పెదవులు కదలుట కనబడినది గాని మాట వినబడలేదు. మార్పు పాతదియే, బదులు చెప్పనీయని మార్పు మాత్రము క్రొత్తది.

పేరు సంగతి కూడ కొంత చెప్పవలెను. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రమునకై ‘సారంగదరియా’ అను పాట వెలువడినప్పుడు దేశమంతయు దానికి ఆడినది. సుద్దాల అశోక్ తేజ జానపదపు పల్లవిని తీసికొని చరణములు వ్రాసెను, మంగ్లీ పాడెను. అంతకు పూర్వమే ఆ పాటను టెలివిజనులో పాడి వెలుగులోనికి తెచ్చిన కోమలి అను జానపదగాయని, తన్ను మఱచితిరని బాధపడెను. ఆ పాట ఎవరిదని పత్రికలలో చర్చ సాగెను. ఆమెయు దానిని కట్టినది కాదు. అయినను ఆమె బాధ నిజమైనది. అట్టి పాటలో ఎవరి పేరు వేయవలెను? కట్టినవారి పేరు తెలియదు కావున ఎవరి పేరును వేయనక్కఱ లేదనుట సులభము. కట్టినవారు తెలియనప్పుడు కాచినవారి పేరైనను వేయుట న్యాయము. మన 1957 నాటి కాపీరైటు చట్టమున 57వ సెక్షను ప్రకారము, కర్త తన హక్కుల నమ్ముకొన్న పిమ్మటను, తన పేరును కోరుటకు, తన గౌరవమునకు భంగమగు వికృతిని అడ్డుటకు అధికారము గలవాడు. అనామకపు పాటకు ఆ సెక్షను వలన మేలు లేదు. అయితే 2012 సవరణమున చేరిన 38-బి సెక్షను పాడినవారికిని ఇంచుమించు అట్టి హక్కునే ఇచ్చినది. చట్టము మాటను పట్టి చూచినచో వంటయింట పాడిన చిన్నమ్మయు గాయనియే. మనుమని మీద ఆమె వ్యాజ్యము వేయునని కాదు. వీథిలో ఆ పాట మ్రోగుచుండగా అది ఎవరి గొంతని పిల్లలడిగినప్పుడు, ‘పాత సౌండు’ అని ఒక కుఱ్ఱవాడు చెప్పుట నేను చెవులార వింటిని. ఆ సౌండు పది అడుగుల దూరమున నిలిచియుండెను.

నాకు మార్పు మీద పగ లేదు. పసుపును పీపాలో త్రిప్పనిచో అంగడిలో ధర పలుకదు. తోలు పోయినను కొమ్ము కొమ్ముగనే యుండును. నాసి సరకును సీసము చేరిన పచ్చరంగుతో మెఱయించు వర్తకులును కలరు. కంటికి రెండును ఒక్కటియే మెఱుపు. మనుమడు చేసినది మొదటిదో రెండవదో వానికే తెలియలేదు. ఏలయనిన వానికి తెలిసిన పాట రెండు నిమిషములది మాత్రమే. ఫోను పట్టినంతవఱకే వాడు విన్నాడు. జేమ్స్ వలె వినకయే మార్చినవాడు వీడును. భేదమేమనగా ఇక్కడ విన్నవారు లక్షలమంది లేరు, నలుగురైదుగురు ముసలివారు మిగిలియున్నారు.

ఈ మాట వానితో అన్నప్పుడు వాడు చిన్నబుచ్చుకొని, "ఇంకా ఉన్నదా పాట? అవ్వ గంతే పాడింది" అనెను. అంతే యని వాడు నిజముగనే తలచియుండెను. కొంతసేపటికి, "మొత్తం వట్టి ఉంచుత, పేరు వెడత. గని డీజే పాట గూడ చేస్త పెద్దబాపూ, అది తియ్య" అని నిక్కచ్చిగా చెప్పెను. నేను తీయుమనలేదు.

ఆ సాయంకాలము వాడు ఫోనును పీటమీద పెట్టి ఆమె యెదుట కూర్చుండెను. వాడు అంత దగ్గఱగా ఆమె మొగము చూచి ఎన్నాళ్లయినదో. ఆమె తొలుత సిగ్గుపడి కొంగు నోటికి అడ్డము పెట్టుకొనెను. పిమ్మట మామ వరుసయు, అత్త వరుసయు, బావ వరుసయు పాడి, తోడికోడలి వరుస వద్ద ఆగెను. రెండు మాఱులు ఎత్తుకొని రెండు మాఱులును ఆగిపోయెను. "గది మా తోడికోడలుకు వస్తుండె. ఆమె పొయ్యి మూడేండ్లాయె" అనెను. ఫోను నడుచుచునే యుండెను, వాడు ఆపలేదు. ఇంకెవరికి వచ్చునని వాడు అడిగెను. భీమ్‌గల్‌లో ఆమె చెల్లెలొకతె యున్నదనియు, ఆమెకు వచ్చిన రావచ్చుననియు, చెవులు సరిగా వినబడవు గావున దగ్గఱ కూర్చుండి అడుగవలెననియు చిన్నమ్మ చెప్పెను. "పసుపు తవ్వకం షురూ గాకముందే పోవాలె బిడ్డా, అటెన్క ఎవలకు తీరదు."

వాడు ఫోనులో ఆ యూరి పేరును, ఆమె పేరును వ్రాసికొనెను.